తెలిసిన మనిషి

అర్ధరాత్రి నొప్పులు పడుతున్న ఆడమనిషి చూపు తలుపు మీదే ఉంటుంది. ఎవరో ఒకరు వస్తారని ఆమెకు తెలుసు. వచ్చిన మనిషి ఇదివరకే తెలిసిన మనిషైతే ఆమె ఊపిరి కాస్త నెమ్మదిస్తుందంటారు. ఎందుకు నెమ్మదిస్తుందో చెప్పడం కష్టం. గది అదే, మందులవే, చేసే వైద్యమూ అదే. మారినది ఒక్క ముఖం.

తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఇంకా లేవాలనిపించని వేళల్లో ఈ మధ్య నా ఆలోచన ఇక్కడే తిరుగుతోంది. కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌ల గురించి చదువుతున్నాను. ముఖ్యంగా ఇంగ్లండ్‌లో నలుగురైదుగురు కలిసి చిన్న బృందంగా ఏర్పడి, కొద్దిమంది గర్భిణులను మొదటి నుంచి చివరిదాకా తామే చూసుకున్నవాళ్ల గురించి. చదివేది వాళ్ల ఉద్యోగం సంగతి. పుస్తకం మూశాక మిగిలేది మాత్రం అందరి సంగతిలా ఉంటుంది. ఒక మనిషి ఎంతమందిని నిజంగా ఎరిగి ఉండగలదు? అంతమంది బరువు మోస్తూ తాను కుదురుగా ఎలా ఉండగలదు?

1983లో దక్షిణ లండన్‌లోని టూటింగ్‌లో, సెయింట్ జార్జెస్ ఆసుపత్రిలో కారొలిన్ ఫ్లింట్ అనే మిడ్‌వైఫ్ ఒక చిన్న ప్రయత్నం మొదలుపెట్టింది. గర్భిణికి తన మిడ్‌వైఫ్ ఎవరో తెలిసి ఉండాలన్నదే దాని పేరూ, ఉద్దేశమూ. మొత్తం నలుగురే. నెలల పరీక్షలు, కాన్పు, ఆ తర్వాత పచ్చి బాలింతగా ఉన్న రోజులు, అన్నిటికీ ఆ నలుగురిలో ఎవరో ఒకరు. 1,001 మంది గర్భిణులను లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, సగం మందిని ఈ నలుగురికి అప్పగించారు. మిగతావాళ్లను ఆసుపత్రి మామూలు పద్ధతిలోనే చూశారు. నలుగురి దగ్గరికి వెళ్లినవాళ్లకు బల్లల మీద కూర్చుని ఎదురుచూసే సమయం తగ్గింది. నొప్పి తగ్గించే మందులు తక్కువ పట్టాయి. కాన్పు వేళ తమ మీద తమకు పట్టు ఉన్నట్టు అనిపించిందని వాళ్లలో ఎక్కువమంది చెప్పారు.

గర్భిణుల మాట సులువుగానే అర్థమవుతుంది. నా మనసు ఆ నలుగురి వైపు పోతుంది. వాళ్లకు ఏం దొరికింది?

పెద్ద ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ పని ముక్కలుగా ఉంటుంది. నెలల పరీక్షలు చేసేది ఒకరు, పురిటి గదిలో ఉండేది మరొకరు, వార్డులో బిడ్డకు పాలు పట్టడం నేర్పేది ఇంకొకరు. పురిటి గదిలో గంటల తరబడి ఒకామె నడుం రాస్తూ, ధైర్యం చెబుతూ కూర్చున్న మిడ్‌వైఫ్, డ్యూటీ దిగే వేళకు లేచి, కాగితాలు తర్వాతి మనిషికి అప్పజెప్పి ఇంటికి పోతుంది. బిడ్డ ఎప్పుడు పుట్టిందో, ఆడో మగో, తల్లి తేరుకుందో లేదో తెలియదు. మర్నాడు వచ్చేసరికి ఆ మంచం మీద వేరే ఎవరో ఉంటారు. ఏళ్ల తరబడి ఇదే.

పని ఎక్కువైతే అలసట వస్తుందనుకోవడం అలవాటు. ముగింపు తెలియని పనులు కూడా అంతే అలసట తెస్తాయేమో. రాత్రి పడుకునే ముందు మనసు ఆ రోజు చేసినవాటిని ఒక్కొక్కటే తలుచుకుంటుంది. పూర్తయినవాటిని వదిలేస్తుంది. సగంలో ఆగినవాటి దగ్గర మళ్లీ మళ్లీ తచ్చాడుతుంది. చిన్న బృందాల్లో చేరిన మిడ్‌వైఫ్‌లు తరచు చెప్పేది కూడా ఈ సంగతే. చెయ్యి పట్టుకున్న మనిషికి చివరికి ఏమైందో ఇప్పుడు తమకు తెలుస్తోందని.

జేన్ శాండాల్ అనే పరిశోధకురాలు 1997లో ఒక వ్యాసం రాసింది. ఇలా పనిచేసే మిడ్‌వైఫ్‌లు కుంగిపోకుండా నిలబడాలంటే మూడు ఉండాలని ఆమె గమనించింది. పని వేళల మీద తమకే అధికారం. తోటివాళ్ల ఆసరా. తాము చూసుకునే స్త్రీలతో నిజమైన అనుబంధం. ఈ మూడింటిలో కొత్తగా వినిపించేది ఏదీ లేదు. అయినా వాటి పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.

మొదటిది ముందు వింతగా ఉంటుంది. దిండు పక్కన ఫోన్ పెట్టుకుని పడుకునే మనిషికి తన వేళల మీద అధికారం ఏమిటి? ఏ రాత్రి మోగుతుందో తెలియదు. కన్నబిడ్డ పుట్టినరోజు నాడే మోగవచ్చు. అయినా వాళ్లలో చాలామంది పన్నెండు గంటల షిఫ్టుకంటే ఈ ఫోనే నయమంటారు. మోగితే లేచి వెళ్తారు. మోగని మధ్యాహ్నం మొక్కలకు నీళ్లు పోసుకుంటారు. ఎవరింటికైనా పరీక్షకు వెళ్తే, అవసరమైనంతసేపు తొందర లేకుండా కూర్చుంటారు. ఎవరి దగ్గర ఎంతసేపు ఉండాలో వాళ్లే తేల్చుకుంటారు. పిలుపే లేకపోవడం స్వేచ్ఛ అనుకుంటే వాళ్లకు స్వేచ్ఛ లేనట్టే. పిలిచేది ఎవరో తెలిసి, ఎందుకు వెళ్తున్నామో తెలిసి, లేచి చెప్పులు వేసుకోవడంలో మరో రకం స్వేచ్ఛ ఉందేమో. ఉందనే అనిపిస్తుంది, గట్టిగా చెప్పలేను. అది అందరికీ సరిపడదని మాత్రం చెప్పగలను. చంటిబిడ్డలున్నవాళ్లు, మంచాన పడ్డ పెద్దవాళ్లను ఒంటరిగా చూసుకుంటున్నవాళ్లు ఈ పద్ధతి తమవల్ల కాదన్నారు. ఆ మాటను అంకితభావం లేకపోవడంగా లెక్కగట్టడం అన్యాయం.

రెండోది నన్ను ఎక్కువసేపు ఆపుతుంది.

ఫోన్ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే క్షణం ఒకటి ఉంటుంది. ఆ తర్వాత మొదటి మనిషి నిజంగా నిద్రపోవాలంటే, తన బదులు వెళ్లేది తనలాగే చూసుకుంటుందన్న నమ్మకం ఉండాలి. లేకపోతే ఫోన్ లేని రాత్రి కూడా జాగారమే. వరి నాట్లప్పుడు మన పల్లెల్లో ఒకరి మడిలోకి ఒకరు బదులు వెళ్లేవాళ్లు. ఇవాళ ఒకరి మడిలో నారు ఎలా నాటితే రేపు తన మడిలో అలాగే పడుతుందని అందరికీ ఎరుకే. అలాంటి ఎరుక కొద్దిమంది మధ్యనే నిలుస్తుందనుకుంటాను. ముప్ఫైమంది పేర్లున్న డ్యూటీ చార్టులో బదులు వెళ్లడం ఉండదు, ఖాళీ గడి నింపడం ఉంటుంది.

ఈ బృందాలు తరచు ఒకచోట కూర్చుంటాయి. ఎవరికి నెలలు నిండాయి, ఎవరికి రక్తపోటు పెరుగుతోంది, ఎవరింట్లో భర్తకు ఉద్యోగం పోయింది, ఇవన్నీ మాట్లాడుకుంటాయి. ఆ మాటల్లోనే తమలో ఎవరు అలిసిపోయారో కూడా తెలిసిపోతుంది. ఈ శని ఆదివారాలు ఫోన్ నా దగ్గర ఉండనీ అని ఎవరో అంటారు. అడిగించుకోకుండా ఇచ్చే విశ్రాంతి అది. తాను పదిమందిని గమనిస్తూ తిరిగే మనిషిని గమనించేవాళ్లు కూడా ఉండాలి కదా. ఎందుకో ఈ సంగతి ఉద్యోగాల గురించి రాసేవాళ్లకు ఆలస్యంగా తడుతుంది.

దగ్గరితనం ఎప్పుడూ చల్లగా ఉండదు. నలుగురిలో ఇద్దరికి పడకపోతే ఇక పక్కకు తప్పుకునే చోటు లేదు. ఒకరు జబ్బు పడితే మిగతా ముగ్గురి రాత్రులు తరిగిపోతాయి. ఆసుపత్రిలో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు వీళ్లను బయటివాళ్లుగా చూసిన సందర్భాలున్నాయి. తమ గర్భిణిని వెంటబెట్టుకుని రాత్రివేళ పురిటి వార్డుకు వెళ్తే, ఏ సొరుగులో ఏముందో తెలియక తడుముకోవలసి వచ్చేదని చెప్పినవాళ్లున్నారు.

ఇక మూడోది, స్త్రీలతో అనుబంధం. దీని గురించి అందరూ తీపిగానే మాట్లాడతారు. కానీ కొందరు బిడ్డలు ఊపిరి లేకుండా పుడతారు. ముఖం తెలియని తల్లికి అలా జరిగినప్పుడు మిడ్‌వైఫ్ చేయవలసినవన్నీ చేస్తుంది, బాధపడుతుంది, ఇంటికి వెళ్తుంది. తెలిసిన తల్లి అయితే, ఉయ్యాల ఏ గదిలో కట్టారో ఆమె చూసి ఉంటుంది. ఏం పేరు పెట్టాలనుకున్నారో విని ఉంటుంది. ఇంత దగ్గరగా వెళ్లకపోతే ఇంత దుఃఖం తప్పేది. తప్పించుకోగలగడమే మంచి బతుకా అని ఆలోచిస్తే ఔననలేకపోతున్నాను. మర్నాడు ఆ ఇంటి తలుపు తట్టేది ఆమే. జరిగినదంతా కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవలసిన పని ఆ తల్లికి లేదు. ఆ సాయంత్రం మిడ్‌వైఫ్ ఏడిస్తే, ఎవరి కోసం ఏడుస్తోందో తోటివాళ్లకు తెలుసు. వాళ్లు కూడా ఆ ఇంటికి వెళ్లినవాళ్లే.

దక్షిణ లండన్‌లోనే పెకమ్ అనే పేదవాళ్ల పేటలో 1997 నుంచి 2009 దాకా ఆల్బనీ అనే మిడ్‌వైఫ్‌ల బృందం పనిచేసింది. ఒక్కొక్కరు ఏడాదికి సుమారు 36 మంది స్త్రీలను తమవాళ్లుగా చూసుకునేవారు. ఇంకొందరికి రెండో మనిషిగా తోడు వెళ్లేవారు. నెలలు నిండవస్తుండగా ఇంటికి వెళ్లి, కాన్పు వేళ పక్కన ఉండబోయే అందరితో కూర్చుని మాట్లాడేవారు. కాన్పు ఇంట్లోనా ఆసుపత్రిలోనా అన్నది నొప్పులు మొదలయ్యాక కూడా తేల్చుకోవచ్చు. ఆ బృందం చూసిన 2,568 మందిలో 43 శాతానికి పైగా ఇంట్లోనే కన్నారు. భద్రత గురించి సందేహాలు లేవనెత్తి, వాళ్లతో ఒప్పందం ఉన్న ఆసుపత్రి 2009లో దాన్ని రద్దు చేసింది. ఆ సందేహాలు సరికావని వాదించినవాళ్లు చాలామంది. 2017లో ఆ రికార్డులను పరిశీలించి అచ్చువేసిన అధ్యయనంలో ఫలితాలు మెచ్చుకోదగ్గవిగానే తేలాయి. అప్పటికి ఆ బృందం లేదు.

36 దగ్గర ఆగిపోతాను. పది రోజులకొక కాన్పు. 36 పేర్లు, 36 ఇళ్లు, ఏ ఇంట్లో కుక్క ఉందో, ఎవరికి చీకటంటే భయమో, ఎవరు తొలి కాన్పులో ఏం పోగొట్టుకున్నారో. ఇంతవరకు ఒక బుర్రలో, ఒక గుండెలో పట్టవచ్చు. 90 అయితే? అప్పుడు పేర్లు కాగితం మీదికి పోతాయి. కాగితం ఎప్పటికీ మరిచిపోదు, కాని అది తలుపు తెరుచుకున్నప్పుడు నవ్వదు. శ్రద్ధకు కూడా ఒక కొలత ఉందని ఒప్పుకోవడం ఎందుకో కష్టంగా ఉంటుంది. ఎంతమందినైనా ప్రేమించగలమని చెప్పుకోవడం బాగుంటుంది. ఆ మాట నిజమో కాదో మిడ్‌వైఫ్‌కు తెల్లవారుజాము మూడింటికి తెలుస్తుంది.

2016లో జూలియా కంబర్లెజ్ అధ్యక్షతన వెలువడిన నివేదిక, ఇంగ్లండ్ అంతటా నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉండే చిన్న బృందాలు రావాలని కోరింది. మంచి మాట. ఆ తర్వాత దానికి లక్ష్యాలు పెట్టారు. 2019 మార్చికి 20 శాతం మంది స్త్రీలు, 2021 మార్చికి సగానికి పైగా. మిడ్‌వైఫ్‌లు మాత్రం సరిపోయినంతమంది లేరు. ఉన్నవాళ్లనే షిఫ్టుల నుంచి తీసి బృందాల్లో వేస్తే పురిటి వార్డులు పలచబడ్డాయి. బృందంలోకి వెళ్లినవాళ్లను వార్డు ఖాళీగా ఉందంటూ మళ్లీ వెనక్కి పిలిచారు. 2022 మార్చిలో ష్రూస్‌బరీ, టెల్‌ఫర్డ్ ఆసుపత్రుల్లో కాన్పుల వేళ జరిగిన విషాదాల మీద డొనా ఓకెండెన్ నివేదిక వచ్చింది. ప్రతి షిఫ్టులోనూ చాలినంత సిబ్బంది ఉన్నారని చూపలేని చోట ఈ పద్ధతిని ఆపాలని అందులో ఉంది. ఆ సెప్టెంబరులో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ లక్ష్యాలను తీసేసింది.

దీన్ని ఆ పద్ధతి ఓటమి అనుకోలేను. చాలీచాలని మనుషులతో, తేదీలు పెట్టి పరుగెత్తించినందువల్ల ఒక మంచి పని రొప్పింది. నెమ్మదిగా అబ్బవలసిన దాన్ని శాతాల్లో అడగడం దగ్గరే ఏదో తప్పిందనిపిస్తుంది. తెలియడం అనేది ఆర్డరు వేస్తే జరిగేది కాదు. 2024 నాటి కాక్రేన్ సమీక్ష 17 పరిశోధనలను, 18 వేల మందికి పైగా స్త్రీలను లెక్కలోకి తీసుకుని, ఇలాంటి సంరక్షణలో సహజ కాన్పులు ఎక్కువని, సిజేరియన్లు కొంత తక్కువని, స్త్రీలు తమ అనుభవాన్ని మంచిగా చెప్పుకుంటారని తేల్చింది. ఆ పరిశోధనల్లో మన దేశంలో జరిగినది లేదు.

మన దగ్గర మంత్రసాని ఉండేది. తల్లికి పురుడు పోసిన చేతులతోనే కూతురికీ పోసేది. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది. ఊళ్లో ఏ కడుపు ఎలా నిలిచిందో ఆమెకు తెలియనిది లేదు. ఆమెను తలుచుకుని మురిసిపోవడానికి మనసు ఒప్పదు. ఆమె చేతుల్లో తల్లులూ పోయారు, బిడ్డలూ పోయారు. చాలాచోట్ల ఆమె అణగారిన కులాల మనిషి. పురిటి గదిలోకి పిలిచిన ఇల్లే, మైల తీరాక ఆమెను వాకిట్లో నిలబెట్టేది. ఇంకో సంగతి ఇంత ఆలస్యంగా తట్టింది. ఆమె ఒంటరి. ఆమె నిద్రపోతే బదులు వెళ్లేవాళ్లు లేరు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని సామెత. అది విన్నప్పుడల్లా జనం నవ్వుతారు. కాదనే వీలు లేని ఒక మనిషి బతుకంతా అందులో ఉంది.

మన ఆడపిల్లల విషయంలో తెలిసిన మనిషి అనే మాటకు ఇంకో మెలిక ఉంది. నెలల పరీక్షలు అత్తవారి ఊళ్లో జరుగుతాయి. శ్రీమంతం అయ్యాక అమ్మాయి ఫైలు పట్టుకుని పుట్టింటికి వస్తుంది. అప్పటిదాకా చూసిన డాక్టరు అక్కడే ఉండిపోతుంది, కాన్పు కొత్త ఆసుపత్రిలో, కొత్త చేతుల్లో. వైద్యంలో తెగిన తీగను అమ్మ కలుపుతుంది. పక్కన అమ్మ ఉంటే చాలనుకున్నారు మన పెద్దలు. చాలా పురిటి గదుల్లో ఆ అమ్మను తలుపు బయటే ఆపుతున్నారు. లండన్‌లోనో డల్లాస్‌లోనో కాపురముంటున్న అమ్మాయికైతే అమ్మ వీసా సమయానికి రాకపోవచ్చు. అక్కడ ఆ రాత్రి తెలిసిన మనిషి ఎవరు కావాలి?

తెలంగాణలో ఒక మొదలు పడింది. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం కూడా చేయి కలిపి స్టాఫ్ నర్సులకు 18 నెలల శిక్షణ ఇప్పించడం ప్రారంభించింది. 2018 చివర్లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో దాదాపు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్లు. ఇంత కోతకు కారణాలు చాలా ఉంటాయి. వాటిలో భయం ఒకటి. తెలియని గదిలో, తెలియని మనుషుల మధ్య పుట్టే భయం ఎంతవరకు ఆ అంకెలో కలిసి ఉందో కొలిచే సాధనం నాకు కనిపించదు. కొంతైనా ఉందని నమ్ముతాను.

శిక్షణ పొందిన చేతులు ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి. వాళ్లను మూడు షిఫ్టుల్లో, ఏ ముఖమూ రెండోసారి కనిపించని పురిటి గదుల్లో పెట్టి, ఆ శిక్షణలో సగం వృథా చేసుకుంటామేమోనని నా దిగులు. ఒక్క మండలంలోనైనా నలుగురైదుగురిని కొన్నేళ్లు కలిపి ఒకేచోట ఉండనిచ్చి, తలా ముప్ఫై నలభై మందికి మించకుండా అప్పగించి, వెళ్లడానికి బండి, పడుకోవడానికి వంతుల ప్రకారం రాత్రులు, అవసరమైతే వెంటనే అందుకునే డాక్టరు, ఇవి సమకూర్చి చూస్తే బాగుండును. ప్రభుత్వం చేయగలిగిన పనే ఇది. చేయాలి.